చిన్న సముద్రతీర పట్టణంలోని విచిత్రమైన మనుషుల రోజువారీ జీవితాన్ని కథలో ఎలా చూపాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక చిన్న సముద్రతీర పట్టణంలో తమ తీరు తమదే అన్నట్టుగా బతికే కొందరు మనుషుల గురించి కథల మాలిక ఒకటి రాస్తున్నాను. పట్టణం పూర్తిగా కల్పితం. దానికి పేరు గానీ దేశం గానీ పెట్టదలచుకోలేదు. ముఖ్యమైన పాత్రలు ముగ్గురు. రోజూ పోటు ఏ వేళకు ఎంత ఎత్తుకు వచ్చిందో రేవు మెట్ల మీద నిలబడి చూసి పుస్తకంలో రాసుకునే ఒక వృద్ధుడు. ఒడ్డుకు కొట్టుకొచ్చే వస్తువులలో ఒంటి చెప్పులను, ఒంటి బూట్లను మాత్రమే ఏరి తెచ్చి పెరటి కంచెకు వరసగా కట్టే ఒక నడివయసు స్త్రీ. భార్య పోయాక మనుషులతో మాటలు తగ్గించి, దొరికిన అట్టముక్కల మీద పాత ఓడల బొమ్మలు వేస్తూ కూర్చునే ఒక మాజీ నావికుడు.

ఈ ముగ్గురి వింత అలవాట్లను పరిచయం చేయడం కష్టం కాదు. ఒక్కొక్కరికి ఒక పేరా చాలు, చదివేవారికి ఆసక్తి కూడా కలుగుతుంది. అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. ఏ విశేషమూ లేని రోజున వీరు పొద్దున లేచి ఏం చేస్తారు, ఇరుగుపొరుగు వారితో ఏం మాట్లాడతారు, ఆ పట్టణం వీరిని ఎలా భరిస్తుంది లేదా ఎలా కలుపుకుపోతుంది అన్నది రాయబోతే ఊతం దొరకడం లేదు. అలవాటు ఒక్కటే పేజీ మీద మిగిలి మనిషి కనుమరుగైపోతున్నాడు. పాఠకులు వీరిని చూసి నవ్వి వదిలేయడం నాకు ఇష్టం లేదు. పక్కింటివారిని తెలుసుకున్నంత దగ్గరగా తెలుసుకోవాలన్నది నా కోరిక.

దీనితోపాటు ఇంకొక సందేహం. ఇటువంటి మనుషులు సముద్రతీరపు చిన్న ఊళ్లలో నిజంగానే ఎక్కువగా కనిపిస్తారా, లేక కథకులే అలవాటుకొద్దీ వారిని అక్కడ చేరుస్తూ వచ్చారా? తీరప్రాంత జీవితం తెలిసినవారు, నిజ జీవితంలోని ఇటువంటి మనుషుల గురించి చదివినవారు వివరంగా రాస్తే ఎంతో ఉపకరిస్తుంది.

మొదటి సమాధానం

నమస్కారం. మీ ప్రశ్నకు జవాబు మీ మొదటి పాత్రలోనే ఉందని నా అభిప్రాయం. అందువల్ల ఆ వృద్ధుడితోనే మొదలుపెడతాను.

సముద్రపు వేళలు గడియారపు వేళలతో కలవవు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చే తీరంలో ఒక నిండు పోటుకూ తరువాతి నిండు పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేలోగా చంద్రుడు కూడా తన దారిలో కొంత ముందుకు జరిగిపోతాడు కాబట్టి, ఒక చోటు మళ్లీ చంద్రుడికి ఎదురుగా రావడానికి 24 గంటలు సరిపోక, ఇంకొక 50 నిమిషాలు కావలసి వస్తుంది. ఈరోజు ఉదయం ఆరింటికి నిండు పోటు వస్తే రేపు అది ఆరు యాభైకి వస్తుంది. వారం తిరిగేసరికి ఇంచుమించు మిట్టమధ్యాహ్నానికి జరుగుతుంది. ఈ లెక్కను పట్టుకుని బతికే మనిషి పట్టణంలో మిగిలినవారి కళ్లకు ఎలా కనిపిస్తాడో చూడండి. ఈ వారం తెల్లవారుతూనే రేవు మీద ఉంటాడు. వచ్చే వారం అందరూ భోజనానికి కూర్చునే వేళకు ఇంట్లోంచి బయలుదేరతాడు. ఆ పై వారం, సాయంత్రం ఎవరో ఆప్యాయంగా మాట్లాడుతుండగా మాట మధ్యలోనే లేచి వెళ్లిపోతాడు. ఈయనకు వేళాపాళా లేదని ఊరంతా అనుకుంటుంది. నిజానికి ఆ పట్టణంలో అందరికంటే కచ్చితంగా వేళ పాటించే మనిషి ఆయనే. కొద్దిగా తెలిసినవారికి అర్థరహితంగానూ, దగ్గరగా చూసినవారికి ఎంతో క్రమబద్ధంగానూ కనిపించే ఈ తేడాను పట్టుకోగలిగితే మీ కథలకు కావలసిన ఊతం దొరుకుతుంది.

ఇటువంటి పని చేసినవారు చరిత్రలో ఉన్నారు. లివర్‌పూల్ రేవు అధికారి విలియం హచిన్సన్ 1764 నుంచి 1793 వరకు నిండు పోటు వేళలను, నీటి ఎత్తును, వాటితోపాటు వాతావరణ వివరాలను రాసిపెట్టాడు. ఆ కొలతల ఆధారంగానే లివర్‌పూల్‌కు పోటు పట్టికలు తయారయ్యాయి. లివర్‌పూల్ చిన్న పట్టణమేమీ కాదు, హచిన్సన్‌ది ఆ పనికి దగ్గరి ఉద్యోగమే. అయినా ఒక మనిషి దాదాపు ముప్పయ్యేళ్లు అదే పుస్తకానికి తిరిగి తిరిగి రావడం వెనుక ఉన్న పట్టుదలను మీ వృద్ధుడికి అరువు ఇవ్వవచ్చు.

ఆయన పుస్తకంలోని ఒక పుటను దగ్గరగా చూపమని నా సలహా. వేళ, ఎత్తు, గాలి దిక్కు, పక్కన ఒక చిన్న గమనిక. ఎత్తు చూడడం మనం అనుకున్నంత తేలిక కాదు, ఎందుకంటే నీరు ఒక చోట నిలబడదు. కెరటం ఎక్కిన మెట్టును, దిగిన మెట్టును కొంతసేపు ఓపికగా చూస్తూ, ఆ రెండింటి నడిమి మట్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మెట్ల అంచున పట్టిన నాచు ఎంతవరకు తడిసిందో చూడడం కూడా ఆయనకు అలవాటై ఉంటుంది. గాలి సముద్రం మీది నుంచి ఒడ్డుకు బలంగా వీస్తే నీరు అనుకున్నదానికంటే ఎత్తుగా నిలుస్తుంది; వాయుపీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అందువల్ల పట్టికలో ఉండవలసిన ఎత్తుకూ, మెట్ల మీద కనిపించిన ఎత్తుకూ తేడా వచ్చిన రోజున, ఆకాశం ఇంకా తేటగానే ఉన్నా ఆయన మనసు కీడు శంకిస్తుంది. పడవల మరమ్మతు చేసేవాడు ఆ రోజు ఆయన ముఖం చూసి తన పడవను మరికాస్త పైకి లాగించుకుంటాడు. ఇదే మీరు అడిగిన రోజువారీ సంబంధం. ఊరు ఆయన్ను విచిత్రమైన మనిషి అంటూనే ఆయన మీద ఆధారపడుతుంది.

చెప్పుల విషయానికి వస్తే, మీ రెండో పాత్రకు కూడా గట్టి ఆధారం ఉంది. 1990 మే నెలలో ఉత్తర పసిఫిక్‌లో హన్సా క్యారియర్ అనే ఓడ మీది నుంచి తుపానులో కొన్ని కంటైనర్లు సముద్రంలో పడిపోయాయి. వాటిలో నుంచి 60,000కు పైగా నైకీ బూట్లు నీటిలో కలిశాయి. జతలు కలిపి కట్టి లేకపోవడంతో అవి ఉత్తర అమెరికా పశ్చిమ తీరానికి ఒంటి బూట్లుగానే చేరాయి. తీరం వెంట ఏరుకున్నవారు ఒకచోట కలుసుకుని, తమ దగ్గరున్న కుడి బూటుకు ఎదుటివారి దగ్గరున్న ఎడమ బూటును జత చేసుకునేవారు. కర్టిస్ ఎబ్బెస్‌మేయర్ అనే సముద్ర శాస్త్రవేత్త, ఇటువంటి ఏరుకునేవారు ఎప్పుడు, ఎక్కడ, ఏం దొరికిందో చెప్పిన వివరాలతోనే సముద్ర ప్రవాహాల తీరును అధ్యయనం చేశాడు. కుడి, ఎడమ బూట్ల ఆకారంలోని తేడా వల్ల గాలి వాటిని వేరువేరు దిక్కులకు నెడుతుందని, అందువల్ల కొన్ని తీరాలకు ఒక కాలివే ఎక్కువగా చేరతాయని గమనించినవారు ఉన్నారు. మీ స్త్రీ పాత్ర ఒక కంచె మీద కుడివి, ఇంకొక కంచె మీద ఎడమవి కట్టి, ఏ వైపు కంచె ముందుగా నిండుతోందో చూస్తూ ఉందనుకోండి. అప్పుడు ఆమెను చూసి ఎవరూ నవ్వరు, ఆమె దేనికోసం చూస్తోందో తెలుసుకోవాలని ఎదురుచూస్తారు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. అన్ని సముద్రాలకూ పెద్ద పోటు ఉండదు. బాల్టిక్ తీరంలో అది దాదాపు కనిపించదు, మధ్యధరా సముద్రంలో చాలా చోట్ల బాగా తక్కువ. పట్టణానికి పేరు పెట్టకపోయినా, దాని ముందున్న సముద్రం ఎటువంటిదో మాత్రం మీరు ముందే నిర్ణయించుకోవాలి.

రెండో సమాధానం

పై మిత్రులు మనిషి వైపు నుంచి చాలా చక్కగా చెప్పారు. నేను పట్టణం వైపు నుంచి చెబుతాను.

చిన్న ఊరు తనలోని ప్రతి విచిత్రమైన మనిషికీ ఒక కారణం వెతికి పెట్టుకుంటుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ పట్టణంలో పుట్టి పెరిగిన మేరీ ఆనింగ్ (1799–1847) జీవితం ఇందుకు మంచి ఉదాహరణ. ఆమె పసిబిడ్డగా ఉన్నప్పుడు, 1800 ఆగస్టులో, ఆమెను ఎత్తుకున్న స్త్రీ మరో ఇద్దరు స్త్రీలతో కలిసి ఒక చెట్టు కింద నిలబడి ఉండగా పిడుగు పడింది. ముగ్గురు స్త్రీలూ చనిపోయారు, బిడ్డ బతికింది. పెద్దయ్యాక ఆమె చురుకుదనానికీ, ఎడతెగని కుతూహలానికీ ఆ పిడుగే కారణమని ఊరివారు చెప్పుకునేవారు. అసలు సంగతి వేరు. తండ్రి 1810లో చనిపోయాక ఇల్లు గడవడానికి కొండచరియల కింద శిలాజాలు ఏరి వచ్చిపోయేవారికి అమ్మడం ఆ కుటుంబానికి ఆధారమైంది. సోదరుడితో కలిసి 1811–12లో ఇక్తియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపపు అస్థిపంజరాన్నీ, 1823లో ప్లీసియోసార్ అనే మరో సముద్ర సరీసృపపు దాదాపు సంపూర్ణమైన అస్థిపంజరాన్నీ ఆమె బయటపెట్టింది. ఆ పనికి అనువైన కాలం చలికాలం. వానలకూ అలలకూ చరియలు విరిగిపడి కొత్త రాతి పొరలు బయటపడే రోజులవి. పోటు మళ్లీ వచ్చి కొట్టుకుపోకముందే వాటిని ఏరుకోవాలి. 1833లో అటువంటి చరియ ఒకటి విరిగిపడి, ఎప్పుడూ ఆమె వెంట ఉండే కుక్క ఆమె కళ్ల ముందే చనిపోయింది. ఇంత ప్రాణాపాయంతో కూడిన జీవనోపాధిని ఊరు పిడుగు కథతో సరిపెట్టుకుంది.

కాబట్టి మీ చెప్పుల స్త్రీ గురించి పట్టణంలో ఒక్కొక్కరి చేత ఒక్కొక్క కథ చెప్పించండి. ఆమె కొడుకు సముద్రంలో పోయాడని ఒకరు, చిన్నప్పుడు ఒంటి చెప్పుతో బడికి వెళ్లి అవమానపడిందని ఇంకొకరు, ఆమెకు మొదటి నుంచీ మతి స్థిమితం లేదని మరొకరు చెప్పవచ్చు. ఆమెనే అడిగితే, ఆ చెప్పు ఏ సైజుదో, ఏ రోజున, ఏ రాతి దగ్గర దొరికిందో మాత్రం చెబుతుంది. అసలు కారణాన్ని కథకులు కూడా చెప్పకుండా ఉంచడమే మేలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఒక్క కారణంతో తేలిపోయే మనిషి మాలిక చివరి వరకు నిలబడదు.

ఊరితో కలిసిపోయిన విచిత్రమైన మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో ఉన్న మోర్వెన్‌స్టో గ్రామ మతగురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ (1803–1875) గురించి తెలుసుకోండి. మతగురువులు నల్లని దుస్తులు వేసుకునే కాలంలో ఆయన జాలరుల నీలి అల్లిక చొక్కా, పొడవాటి సముద్రపు బూట్లు వేసుకుని తిరిగేవాడు. పగిలిన ఓడల కొయ్యతో కొండ అంచున ఒక చిన్న గుడిసె కట్టుకుని అందులో కూర్చుని రాసుకునేవాడు. అది ఈనాటికీ నిలిచి ఉంది. తన ఇంటి పొగగొట్టాలను తనకు పరిచయమున్న చర్చీల గోపురాల ఆకారంలో కట్టించుకున్నాడు. ఇవన్నీ చదవడానికి సరదాగా ఉంటాయి. అదే మనిషి ఓడలు పగిలిన ప్రతిసారీ ఒడ్డంతా వెతికి, ముక్కూమొహం తెలియని నావికుల శవాలను చర్చి ఆవరణకు చేర్పించి, మర్యాదగా ఖననం చేయించాడు. 1842లో మునిగిన కాలెడోనియా ఓడ ముందుభాగపు కొయ్యబొమ్మను వారి సమాధికి గుర్తుగా నిలిపారు. ఆ గ్రామానికి నీలి చొక్కా వేసుకున్న మనిషీ, శవాలను మోయించిన మనిషీ ఒక్కరే. మీ పాత్రల వింత అలవాటు ఇతరులకు అవసరమయ్యే సమయం ఒకటి మాలికలో ఎక్కడో ఒకచోట రావాలని నా మనవి.

మీ రెండో సందేహానికి క్లుప్తంగా చెబుతాను. వారు అక్కడ ఎక్కువగా కనబడడానికి కారణాలు ఉన్నాయి. దారి సముద్రం దగ్గర ఆగిపోతుంది, కాబట్టి ఊరి గుండా వెళ్లిపోయేవారు తక్కువ, అక్కడికే వచ్చి ఉండిపోయేవారు ఎక్కువ. ఓడ పని మానినవారు, ఉద్యోగ విరమణ చేసినవారు, సముద్రపు గాలి మంచిదని వైద్యులు పంపగా వచ్చినవారు, యాత్రికుల కాలం ముగిశాక తక్కువ అద్దెకు దొరికే గదుల కోసం వచ్చిన చిత్రకారులు అక్కడ పోగవుతారు. పైగా ఒడ్డు అందరికీ కనిపించే చోటు. నగరంలో నాలుగు గోడల మధ్య సాగే అలవాటు ఇక్కడ అందరి కళ్ల ముందు సాగుతుంది.

మూడో సమాధానం

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం తెలియజేస్తున్నాను. ఊరు ఎప్పుడూ ఆదరిస్తుందని అనుకోవద్దు.

మీ మూడో పాత్ర కార్న్‌వాల్ తీరంలోని సెయింట్ ఐవ్స్ పట్టణానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ వాలిస్‌కు ఎంతో దగ్గరగా ఉంది. సముద్రం మీద పనిచేసి, తరువాత పాత తాళ్లు, తెరచాపలు కొని అమ్మే వ్యాపారం చేసిన వాలిస్, 1922లో భార్య చనిపోయాక, డెబ్బయ్యో ఏటికి దగ్గరపడి, తోడు కోసం బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. పెట్టెల అట్టలను వాటి ఆకారం ఎలా ఉంటే అలాగే ఉంచి, పడవలకు వేసే రంగులతో వేసేవాడు. తన మనసులో ఏది ముఖ్యమైతే దాన్ని పెద్దగా వేసేవాడు. అందుకే ఆయన బొమ్మల్లో కొన్నిచోట్ల ఓడ ముందు ఇళ్లు చిన్నబోతాయి. 1928లో బెన్ నికల్సన్, క్రిస్టఫర్ వుడ్ అనే చిత్రకారులు తెరిచి ఉన్న తలుపులోంచి ఆ బొమ్మలను చూసి నిలబడిపోయారు. ఆయన పేరు ఇంగ్లండ్ చిత్రకళా చరిత్రలో చేరింది. అయినా 1942లో ఆయన కన్నుమూసింది దిక్కులేనివారిని ఉంచే శరణాలయంలో. కుండల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ తయారుచేసిన, దీపస్తంభం బొమ్మ ఉన్న పలకలు ఆ తరువాతే సమాధి మీదకు వచ్చాయి.

అందువల్ల మీ నావికుడు ఇంట్లో ఏం వండుకుంటున్నాడు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, చలికి ఏం కప్పుకుంటాడు అన్నవి కూడా రాయండి. స్కాట్లాండ్‌లో పనిచేసిన మనస్తత్వ నిపుణుడు డేవిడ్ వీక్స్ ఇటువంటి విచిత్రమైన మనుషులను వందల సంఖ్యలో కలిసి అధ్యయనం చేసి, 1995లో తన ఫలితాలను ప్రచురించాడు. తీవ్రమైన కుతూహలం, తాము అందరిలాంటివారం కామని చిన్ననాటి నుంచే తెలిసి ఉండడం, ఇష్టమైన ఒక వ్యాపకంలో ఆనందంగా మునిగి ఉండడం వారిలో తరచుగా కనిపించే లక్షణాలని ఆయన వివరించాడు. తన అలవాటులో ఆనందం పొందే మనిషి వేరు, బాధ పడలేక అలవాటును పట్టుకుని వేలాడే మనిషి వేరు. మీ వృద్ధుడు మొదటి రకమని, మీ నావికుడు రెండో రకానికి దగ్గరని నాకు అనిపిస్తోంది. ఇద్దరినీ ఒకే ధోరణిలో రాస్తే నావికుడికి అన్యాయం జరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నావికుడిని వేరే ధోరణిలో రాయాలన్న మాట నాకు చాలా విలువైనది. ఆ కథను ఆయన ఇంటి లోపలి నుంచే రాయాలని నిర్ణయించుకున్నాను. ఇంకొక్కటి అడుగుతాను. యాత్రికులు లేని నెలలలో అటువంటి పట్టణంలో రోజు ఎలా గడుస్తుంది? ఈ ముగ్గురూ ఒకరికొకరు ఎదురుపడే సందర్భం కృత్రిమంగా కాకుండా ఎలా వస్తుంది?

మొదటి సమాధానం రాసినవారు

మిగిలినవారికి తీరిక దొరికే ఆ నెలలలోనే మీ ముగ్గురికీ చేతినిండా పని ఉంటుంది. ఒడ్డువైపు పెద్దగాలి వీచిన మరునాడే సముద్రం ఎక్కువ వస్తువులను తెచ్చి పడేస్తుంది. నీటి ఎత్తు లెక్క తప్పేది కూడా అప్పుడే. పట్టణమంతా మరమ్మతుల్లో ఉంటుంది: ఉప్పుగాలికి గొళ్లేలు, తలుపు బందులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, మేకుల చుట్టూ కొయ్య నల్లబడుతుంది, కిటికీ అద్దాలను ఎంత తుడిచినా తెల్లని పొర మళ్లీ పడుతుంది. మూసిన దుకాణాల ముందు నిచ్చెనలు వేసుకుని రంగులు వేస్తుంటారు. ఆ రంగు డబ్బాల అడుగున మిగిలింది నావికుడికి చేరుతుంది. ఎవరూ దానం చేసినట్టు మాట్లాడరు. డబ్బాను ఆయన గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోతారు.

వారు ఎదురుపడే సందర్భాన్ని సముద్రమే కల్పిస్తుంది. ఒంటి చెప్పులు ఏరే మనిషికి నిండు పోటు వచ్చి నీరు వెనక్కు తీయడం మొదలైన వెంటనే ఒడ్డు మీద ఉండడం అవసరం, ఎందుకంటే కొట్టుకొచ్చిన చెత్త గీత అప్పుడే కొత్తగా పడి ఉంటుంది, ఇంకెవరూ తొక్కి ఉండరు. ఆ వేళ ఆమెకు తెలియాలంటే రేవు మెట్ల దగ్గరి వృద్ధుడిని అడగాలి. ఏళ్ల తరబడి వారిద్దరి మధ్య మాటలన్నీ వేళలే కావచ్చు: రేపు ఎన్నింటికి, ఎల్లుండి ఎన్నింటికి. ఆమెకు అక్కరలేని నున్నటి పలక, కొయ్య రేకు ఏదైనా దొరికితే నావికుడి ఇంటి ముందు వదిలేసి తన దారిన పోతుంది. ఒక రోజు వృద్ధుడు మెట్ల దగ్గరకు రాలేదని ఊరిలో మొట్టమొదట గమనించేది ఆమే అవుతుంది.

అమావాస్య, పౌర్ణమి తరువాత ఒకటి రెండు రోజులకు పోటు అన్నిటికంటే ఎత్తుగా వస్తుంది, ఆటు అన్నిటికంటే దూరం తీస్తుంది. మొదటి కథను అటువంటి రోజున మొదలుపెట్టండి. రాయడానికి కూర్చునే ముందే మీ కల్పిత పట్టణానికి ఒక నెల పోటు వేళలను, రోజుకు 50 నిమిషాల చొప్పున జరుపుతూ, ఒక కాగితం మీద వేసుకుని దగ్గర ఉంచుకోండి. ఏ రోజు ఏ పాత్ర ఏ వేళకు ఎక్కడ ఉండాలో ఆ కాగితం చూస్తే మీకే తెలుస్తుంది.